ఆషాఢం గాలిలో కిటికీ మూయాలా, తెరవాలా?



ఆషాఢం గాలి మొదలయింది. నాలుగు రోజులుగా మన గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతా ఉంది. "దుమ్ము బాగా కొడతా ఉంది, పురుగుల ఇంటి కిటికీలు మూసేయాలా?" అని. కొందరు మూయమన్నారు, కొందరు వద్దన్నారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఏది ఏ సగమో తెలియక నేను ఒక పంట పోగొట్టుకున్నాను. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత లెక్కలోకి వస్తాను.

కొన్నేండ్ల కింద ఇదే ఆషాఢంలో 150 గుడ్లు మేపినాను. నాలుగో జ్వరం లేచేదాకా పురుగు ముత్యం మాదిరి ఉండింది. ఐదో దశ రెండో రోజు గాలి లేచింది. మా షెడ్డు మట్టి దోవ పక్కనే. టిప్పర్లు పోయే దోవ. ఎర్ర దుమ్ము లోపలికి వచ్చి బెడ్డు మీద పడుతుంటే ఓర్వలేక, అన్ని కిటికీలకూ ప్లాస్టిక్ పట్టాలు కట్టేసినాను. దుమ్ము ఆగింది. మంచి పని చేసినానని నిబ్బరంగా నిద్రపోయినాను.

మూడో రోజు తలుపు తీస్తే ఘాటు వాసన. ఐదో రోజుకు పురుగు మేత తగ్గించింది. తర్వాత మెత్తబడి, నల్లబడి, ముట్టుకుంటే కారిపోయే పురుగులు కనిపించినాయి. 110 కిలోలు వస్తాయని లెక్క వేసుకున్న పంట 46 కిలోల దగ్గర నిలిచింది. అవీ పల్చటి గూళ్ళు. చూసిన వాళ్ళందరికీ "దుమ్ము నా పంట తీసింది" అని చెప్పుకున్నాను. పంటలు చూడటానికి వచ్చే ఒక పెద్దాయన షెడ్డులో నిలబడి ఒకే మాట అన్నాడు. "దుమ్ము తీయలేదప్పా, నీ ప్లాస్టిక్ పట్టా తీసింది." నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం.

*పురుగు ఎట్ల ఊపిరి తీసుకుంటుంది?*

పురుగుకు మన మాదిరి ముక్కు, ఊపిరితిత్తులు లేవు. ఒంటికి రెండు పక్కలా నల్లటి చుక్కలు ఉంటాయి గదా, అవే దాని ముక్కులు. ఒక్కో పక్క 9, మొత్తం 18 రంధ్రాలు. ఆ రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు ఒళ్ళంతా పోయి గాలిని అందిస్తాయి.

చాకి పురుగుకు కావలసిన గాలి తక్కువ. దానికి వెచ్చదనం, తేమ ముఖ్యం. ఐదో దశలో లెక్క మారిపోతుంది. 100 గుడ్లకు ఇంచుమించు టన్ను ఆకు పడితే, దాంట్లో 80 శాతం పైగా ఐదో దశ ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. అంత తిన్న నలభై యాభై వేల పురుగులు అంతే వేగంగా ఊపిరి వదులుతాయి, పిక్కలు వేస్తాయి. కొమ్మల పద్ధతిలో బెడ్డు మందంగా లేస్తుంది. కింద మిగిలిన ఆకు, పిక్కలు కలిసి పులుస్తాయి. అక్కడ నుంచి వేడి, తేమ, అమ్మోనియా పైకి వస్తాయి. నేను తలుపు తీసినప్పుడు కొట్టిన ఘాటు అదే. షెడ్డు మూసేస్తే ఇవన్నీ పురుగు చుట్టూనే తిరుగుతాయి. పురుగు బలం తగ్గుతుంది, ఎప్పుడూ ఉండే సూక్ష్మక్రిములు అప్పుడు పైచేయి తీసుకుంటాయి.

ఇంకొక సంగతి. లోపలే కూర్చున్న మనకు ఆ వాసన తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే బయటికి పోయి అయిదు నిమిషాలు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చి, బెడ్డు దగ్గర ముఖం పెట్టి చూడండి. కన్ను మండినా, ముక్కు చురుక్కుమన్నా గాలి చాలట్లేదు అని అర్థం.

*దుమ్ము ఒక రకం కాదు, మూడు రకాలు*

మొదటిది దోవ దుమ్ము, క్రషర్ దుమ్ము. మన చిక్కబళ్ళాపుర జిల్లాలో రాతి గుట్టలు ఎక్కువ, క్వారీలు, క్రషర్లు ఎక్కువ, వాటికి తిరిగే టిప్పర్లూ ఎక్కువ. ఈ దుమ్ము ఎక్కువగా దెబ్బ తీసేది ఆకు దారిన. ఆకు మీద పొరగా పడితే వెలుగు తగ్గుతుంది, ఆకు సరిగా పెరగదు, బిరుసెక్కుతుంది. మంచు పడితే ఆ దుమ్ము ఆకుకు బురదగా అంటుకుంటుంది. అట్లాంటి ఆకు వేస్తే పురుగు కొంచెం కొరికి వదిలేస్తుంది. మేత తగ్గితే గూడు బరువు తగ్గుతుంది. పురుగు నీళ్ళు తాగదు, దానికి కావలసిన నీళ్ళన్నీ ఆకులో నుంచే రావాలి. తినకపోతే ఆకలీ దప్పికా రెండూ.

రెండోది మన సొంత దుమ్ము. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పోయిన పంటలో తీసిన బెడ్డు చెత్తను షెడ్డు పక్కనే కుప్ప పోసి ఉంటాము. ఎండకు అది పొడి అవుతుంది. ఆషాఢం గాలికి ఆ పొడి లేచి మళ్ళీ మన కిటికీలోనే పడుతుంది. పాలు కారే రోగం, అదే గ్రాసరీ, దాని వైరస్ దుమ్ములో, మట్టిలో ఏండ్ల తరబడి చావకుండా ఉంటుంది. సున్నకట్టు రోగం బూజు వల్ల వస్తుంది. చచ్చిన పురుగు మీద తెల్లగా సున్నం మాదిరి పైకి వచ్చేది ఆ బూజు విత్తనమే. అది గాలిలో తేలి పోతుంది. ఒక తెల్లబడిన పురుగును విసిరేసినామంటే మన ఇంటికీ, పక్క రైతు ఇంటికీ విత్తనం చల్లినట్లే.

మూడోది మనం చల్లే దుమ్ము. సున్నం, బెడ్డు మందు, బ్లీచింగ్ పౌడర్. ఇవి పురుగుకు మేలు, మన ఎదకు కీడు. దీని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు చూడండి. మొదటి దుమ్మును తోటలో ఆపాలి, రెండో దుమ్మును గుంతలో పూడ్చాలి, మూడో దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కిటికీ మూయడం మందు కాదు.

*మన ఊరి గాలి ఏడాదిలో ఎట్ల మారుతుంది?*

మన గుడిబండె, బాగేపల్లి, చింతామణి పక్క వానలు తక్కువ. జూన్, జులైలో పడమటి నుంచి వచ్చే మబ్బు మలెనాడులో, పడమటి కనుమల మీద కురిసేసి మన దాకా వచ్చేసరికి వట్టి గాలిగా మిగులుతుంది. అందుకే మలెనాడులో ఆషాఢం అంటే వాన, మనకు ఆషాఢం అంటే గాలి. దున్నిన చేల మట్టి లేచేది అప్పుడే. మనకు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరులో.

ఇట్లాంటి దుమ్ము కాలం మనకొక్కరికే కాదు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన సాహెల్ అనే సీమ ఉంది. మాలి, నైజర్, చాద్ దేశాలు ఆ పక్కవే. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా ఎడారి మీద నుంచి హర్మట్టన్ అనే పొడిగాలి వీస్తుంది. పగలే సూర్యుడు మసకగా కనపడేంత దుమ్ము. రాత్రి చలి. జనం తలుపులు మూసుకొని ఇరుకు గదుల్లో పడుకుంటారు. ఆ పొడి కాలంలోనే అక్కడ మెదడు పొరల జ్వరం ఊళ్ళకు ఊళ్ళు అంటుకునేది, వానలు పడితే తగ్గేది. దుమ్ము గొంతును చెరుపుతుంది, మూసిన ఇరుకు గది రోగాన్ని పంచుతుంది. రెండూ కలిస్తేనే అంత నష్టం. 2010 నుంచి మన పుణేలో తయారైన టీకా వేసినాక ఆ జ్వరంలో ముఖ్యమైన రకం అక్కడ దాదాపు మాయమైంది. మన పురుగుకు అట్లాంటి టీకా లేదు. శుభ్రం, గాలి, ఇవే దానికి టీకా.

ఇక మన కాలాలు ఒక్కొక్కటిగా.

ఎండాకాలం, మార్చి నుంచి మే దాకా: గాలి పొడి, వేడి. కోసిన ఆకు గంటల్లో వాడిపోతుంది. ఐదో దశకు 24 డిగ్రీల వేడి, 65 నుంచి 70 శాతం తేమ కావాలి. మధ్యాహ్నం మన షెడ్డులో వేడి దానికి ఎంతో పైన, తేమ ఎంతో కింద. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ఆకు కోసి, తడి గోనెపట్టాల కింద పెట్టండి. కిటికీలకు తడి గోనెలు వేలాడదీయండి. రోహిణి కార్తె దగ్గర సాయంకాలం ఉరుముల వానకు ముందు సుడిగాలి వస్తుంది. ఆ అరగంట మాత్రం మూసుకోవచ్చు. వాన పడగానే తెరవండి.

ఆషాఢం గాలి, జూన్ నుంచి ఆగస్టు దాకా: దీనికి చేయవలసిన పనులు కింద వేరేగా రాస్తాను.

వానల కాలం, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా: దుమ్ము అణిగిపోతుంది, కానీ గాలి తడిసి బరువుగా ఉంటుంది. చల్లదనం, తేమ కలిసినప్పుడు సున్నకట్టు వస్తుంది. ఇప్పుడు గోనెలు తడపకూడదు. తడి ఆకు వేయకూడదు. బెడ్డు పొడిగా ఉంచాలి, పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నం చల్లాలి.

చలికాలం, డిసెంబరు, జనవరి: తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లబడి కిందనే కూర్చుంటుంది, పైన గాలి వెచ్చగా మూత మాదిరి ఉంటుంది. అందుకే ఆ పొద్దుల్లో చెత్తకు నిప్పు పెడితే పొగ పైకి పోకుండా చేల మీద దుప్పటి మాదిరి పరుచుకుంటుంది. అదే పొగ మన షెడ్డులోకి వస్తుంది.

*పొగ, మందు గాలి*

చలికి షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు బిగించి, అక్కడే పడుకునే వాళ్ళు ఉన్నారు. దయచేసి ఈ పని చేయకండి. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇది పురుగుల సంగతి కాదు, మీ పిల్లల తండ్రి సంగతి. కుంపటి పెట్టక తప్పకపోతే బయట బాగా రాజేసి, పొగ పోయినాకే లోపల పెట్టండి. గాలి పోయే దారి తెరిచి ఉంచండి, ఆ ఇంట్లో ఎవరూ పడుకోకండి.

దోమల బత్తి, దోమల మందు మిషన్, బీడీ, సిగరెట్టు, ఇవి షెడ్డు దరిదాపుల్లో వద్దు. దోమను చంపే మందే పురుగునూ చంపుతుంది. పొగాకులో ఉండే నికోటిన్ కూడా పురుగుకు విషమే. బీడీ తాగిన చేత్తో ఆకు వేయకండి.

ఇటుక బట్టీ దగ్గర తోట ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మట్టి కాల్చినప్పుడు దాంట్లో ఉన్న ఫ్లోరైడ్ పొగతో బయటికి వచ్చి ఆకు మీద పడుతుంది. మనిషి కంటికి ఆకు మామూలుగానే కనపడుతుంది. పురుగు మాత్రం ఎగుడుదిగుడుగా పెరుగుతుంది, జ్వరం సరిగా లేవదు. చైనాలో పట్టుకు పేరుబడిన జెజియాంగ్ సీమలో 1980లలో బట్టీల పొగ వల్ల రైతులు పెద్దగా నష్టపోయినారు. బట్టీ కాలుతున్న రోజుల్లో గాలి పోయే పక్క ఉన్న ఆకును చిన్న పురుగులకు వేయకండి.

ద్రాక్ష, టమోటా తోటల్లో మందు కొట్టే రోజు కూడా అంతే. పక్క తోట అన్నతో ముందే మాట్లాడి పెట్టుకోండి, "మందు కొట్టే ముందు రోజు ఒక ఫోన్ చేయన్నా" అని. గొడవ పడితే ఫోన్ రాదు, బాగుంటే వస్తుంది. ఆకు మీద అనుమానం ఉంటే ముందు ఇరవై ముప్పై పురుగులకు వేరేగా వేసి కొన్ని గంటలు చూడండి. తల ఎత్తి ఆడించినా, పచ్చగా కక్కినా, ఒళ్ళు కుంచించుకున్నా ఆ ఆకు వద్దు.

*ఆషాఢంలో చేయవలసినవి*

తోటలో: దోవ పక్క మొదటి నాలుగైదు సాళ్ళ ఆకును చాకికి, జ్వరం లేచిన మొదటి మేతకు వాడకండి. పైపుతోనో స్ప్రింక్లర్‌తోనో ఆ సాళ్ళను ముందు రోజు సాయంకాలం కడగండి, తెల్లారి తడి ఆరినాక కోయండి. కోసినాక కడిగి తడిగా వేస్తే దుమ్ము పోయినా పురుగు మెత్తబడే రోగం వస్తుంది. కోసిన కొమ్మలను షెడ్డు బయట ఒకసారి దులపండి. దోవ పక్క సిల్వర్ ఓక్, గ్లిరిసిడియా, మలబారు వేప వంటి చెట్లు రెండు వరసలు పెట్టుకుంటే రెండు మూడేండ్లలో గాలి విరుగుతుంది. మల్బరీ మీద నీడ పడకుండా కొంచెం దూరం వదలండి.

షెడ్డులో: గాలి కొట్టే పడమటి పక్క కిటికీలను సగం మూసి, వాటి బయట జానెడు దూరంలో గోనెపట్టా వేలాడదీయండి. గాలి పొడిగా ఉంటే దాన్ని తడపండి. దుమ్ము గోనెకు పట్టుకుంటుంది. తూర్పు పక్క కిటికీలు, పైన ఉండే గాలి రంధ్రాలు పూర్తిగా తెరిచి ఉంచండి. ఒక పక్క వచ్చిన గాలి ఇంకొక పక్క పోతేనే అది గాలి. లోపల ఒక సన్న కాగితం ముక్క దారానికి కట్టి వేలాడదీయండి. అది మెల్లగా ఊగుతుంటే చాలు. అస్సలు కదలకపోతే గాలి లేదు, రెపరెపలాడితే ఎక్కువ, ఆకు వాడిపోతుంది.

ఊజి ఈగకు కట్టిన నైలాన్ వలను ఒకసారి వేలితో రుద్ది చూడండి. దుమ్ము, పీచు పట్టి సగం కండ్లు మూసుకొని ఉంటాయి. కిటికీ తెరిచి ఉన్నా వల మూసి ఉంటే లాభం లేదు. పంటకు పంటకు మధ్య విప్పి, ఉతికి, మందు నీళ్ళలో ముంచి కట్టండి.

షెడ్డు చుట్టూ, వాకిట్లో పొద్దున సాయంకాలం నీళ్ళు చల్లండి. లోపల పొరకతో పొడిగా ఊడవకండి, అది దుమ్మును పడుకోబెట్టదు, లేపుతుంది. 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల సున్నం కలిపిన నీళ్ళు గుమ్మం దగ్గర కాళ్ళకు, తుడవడానికి వాడుకోవచ్చు.

చెత్త: బెడ్డు చెత్తను షెడ్డుకు దూరంగా, గాలి పోయే పక్క గుంతలో వేసి మట్టి కప్పండి. పైన కప్పి మాగబెడితే మంచి ఎరువు. రోగం పురుగును తెల్లబడక ముందే ఏరి, సున్నం, బ్లీచింగ్ కలిపిన గిన్నెలో వేసి, తర్వాత పూడ్చండి. కోళ్ళకు వేయకండి, అవి రోగాన్ని ఊరంతా తిప్పుతాయి.

చంద్రికెల మీద: పండు పురుగు గూడు కట్టే ముందు ఒంట్లో నీళ్ళన్నీ వదిలేస్తుంది. ఆ రెండు మూడు రోజులు గాలి లేకపోతే తేమ అంతా గూటికే పడుతుంది. అట్లాంటి గూడు చూడటానికి బాగానే ఉంటుంది, రీలింగులో దారం తెగుతుంది. శిడ్లఘట్ట మార్కెట్‌లో రీలరు గూటిని చేత్తో పట్టుకొని చూసి ధర దించేది ఊరికే కాదు. మేపినన్నాళ్ళు కష్టపడి, ఆఖరి మూడు రోజులు కిటికీ మూసి నష్టపోకండి.

*మన ఎద కూడా ముఖ్యమే*

సున్నం చల్లేదీ, బెడ్డు తీసేదీ, చంద్రికెలు దులిపేదీ మన ఇళ్ళలో ఎక్కువగా ఆడవాళ్ళు. పంట అయిపోయిన వారం దగ్గు, ఆయాసం వస్తే "గాలి మారింది" అని వదిలేస్తాము. సున్నం పొడి, పురుగు పొడి, బ్లీచింగ్ ఘాటు లోపలికి పోయినందుకు వచ్చే దగ్గు అది. ముక్కుకు మాస్కు, లేకపోతే మడతలు పెట్టిన గుడ్డ కట్టుకోండి. బ్లీచింగ్ కొట్టేటప్పుడు కిటికీలు తెరవండి. దగ్గు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించి, ఏ పని చేస్తారో కూడా చెప్పండి.

*ఫోన్‌లో కనపడే గాలి నంబరు*

గాలి నాణ్యత నంబరు ఇప్పుడు ఫోన్‌లోనే వస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ అనే యాప్‌లో చిక్కబళ్ళాపుర కేంద్రం లెక్క చూడొచ్చు. దాంట్లో పీఎం 10 అంటే మన తల వెంట్రుక మందంలో ఇంచుమించు ఆరో వంతు, అంతకన్నా సన్నటి దుమ్ము. ఘనపు మీటరు గాలిలో అది ఒక రోజు సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలో 2009 నుంచి ఉన్న కొలత. ఇది మనుషుల ఆరోగ్యానికి పెట్టిన లెక్క. ఆ కేంద్రం ఒక చోట ఉంటుంది, మన తోట ఇంకొక చోట. అక్కడ నంబరు పచ్చగా ఉన్నంత మాత్రాన మన దోవ పక్క ఆకు శుభ్రంగా ఉందని కాదు. దానికి మన యాప్ తెల్లటి గుడ్డ ముక్క. ఆకును దాంతో ఒకసారి తుడవండి. గుడ్డ ఎర్రబడితే ఆ సాలు కడగాలి.

*చివరిగా*

టిప్పర్ల దోవకు నీళ్ళు చల్లించమని, లోడు మీద పట్టా కప్పించమని మనం పంచాయతీలో కలిసి అడగాల్సిందే. ఒక్కరు అడిగితే వినరు, పదిమంది పోతే వింటారు. కానీ ఆ పని అయ్యేదాకా పురుగు ఆగదు, దానికి ఈ పొద్దు ఊపిరి కావాలి. నేను బయటి దుమ్మును తిట్టుకుంటా ఉండి లోపలి గాలిని చూసుకోలేదు. 46 కిలోల పంట నాకు నేర్పింది అదే.

ఈ రాత్రి మేత వేసినాక, ఒకసారి బయటికి పోయి, వచ్చి, బెడ్డు దగ్గర ముక్కు పెట్టి చూడండి. ఏం తెలిసిందో పొద్దున గ్రూపులో రాయండి. నేను రాసిన దాంట్లో తప్పుంటే అదీ చెప్పండి, వచ్చే నెల దిద్దుకుందాం.

అందరి పంటలూ బాగా రావాలని కోరుకుంటా,
గుడిబండె నుంచి మీ తోటి రేష్మె రైతు